తాడు పట్టిన చెయ్యి

వల లాగడానికి మా ఆయన దానయ్య ట్రాక్టరు కొన్నాడు. ఆ రోజు ఆయనకి పట్టపగ్గాల్లేవు. అక్కుపల్లి తీరంలో పెద్ద వల లాగాలంటే రెండు తాళ్లకీ కలిపి నలభై మంది కావాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ, ముసలైనా పడుచైనా, తలా దోసెడు చేపలివ్వడం మా ఆచారం. ట్రాక్టరైతే ఇద్దరు చాలు, చేపలన్నీ మనవే. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను. పలాసలో ఒక బీరువా మీద నాకు ఎప్పట్నుంచో కన్నుంది.

మొదటిరోజే వల నిండా కవళ్ల చేపలు పడ్డాయి. ఎప్పటిలాగే లక్ష్మమ్మ సత్తుగిన్నెతో వచ్చింది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. చేతుల్లో సత్తువ లేకపోయినా తాడు చివర పట్టుకుని అందరితో పాటు నడిచేది. ఆ దోసెడు చేపల్లో సగం అమ్మితేనే ఆమెకు బియ్యం. మా ఆయన జాలిపడి గిన్నె నింపబోతే ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది.

"తాడట్టకుండా సేపలెలా తీసుకుంతాన్రా? నానేటి, అడుక్కుతినీదాన్నా?"

ఖాళీ గిన్నెతోనే వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆమే కాదు, తీరానికి ఎవరూ రాలేదు.

బీరువా వచ్చింది. "ఎక్కడెట్టమంతావు మావా?" అనడిగితే, "నా నెత్తినెట్టు" అని కసిరాడు. నాలుగోరోజు కూర పట్టుకుని లక్ష్మమ్మ ఇంటికి వెళ్లాను. ఉప్పు వేసుకుని గంజి తాగుతోంది. కూర వైపు చూడనైనా లేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన ముందున్న కంచం పక్కకి తోసేశాడు.

అయిదోరోజు పొద్దున్నే మా ఆయన వెళ్లి లక్ష్మమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, ట్రాక్టరు పాడైపోనాది. నువ్వొచ్చి సెయ్యెయ్యకపోతే వల నీళ్లల్లోనే ఉండిపోద్ది."

ట్రాక్టరుకి ఏ రోగమూ లేదని ఆయన వెనకే ఉన్న నాకు తెలుసు.

"ఇనప ముక్కని నమ్ముకుంతే అంతే మరి," అంటూ లేచింది లక్ష్మమ్మ. దారిపొడుగునా ఇంటింటికీ కేకలేసి అందర్నీ లేపుకొచ్చింది. ఇన్ని రోజులకి మళ్లీ తీరంలో మనుషుల గోల వినిపించింది. ఎప్పటిలాగే ఆమె తాడు చివర పట్టుకుంది.

కానీ ఆ రోజు వలలో పడినవి కాసిని చేపలే. అందరికీ పంచేసరికి మా బుట్ట అడుగు కనిపిస్తోంది. లక్ష్మమ్మ తన గిన్నెలోకి చూసుకుని నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేట్రా దానయ్యా, నా వాటా ఇంతేనా? ముసలిదానికి కళ్లు కనిపించవనుకున్నావేటి?"

అందరి ముందూ కడిగి పారేసింది. మా ఆయన నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, బుట్టలో మిగిలినవన్నీ ఆమె గిన్నెలో వేసేశాడు. ఆమె కాదనలేదు. ఇంకా సణుగుతూనే ఇంటిదారి పట్టింది.

ఆ పూట మా ఇంట్లో ఉత్త చారే. మా ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆయన్నలా చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది.