నాలుగో స్క్రూ

ఫణీంద్ర తీగ మీటుతాడు, శబ్దం రాదు. లావుపాటి ఆరో తీగ వేలి కింద వణకడం కంటికి కనిపిస్తూనే ఉంది, గిటారు నుంచి వైరు నేల మీద పాకుతూ వెళ్ళి ఎదురుగా ఉన్న నల్ల యాంప్లిఫయర్‌లో దూరింది, దాని వెనక వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి, అయినా గదిలో చీమ చిటుక్కుమన్న అలికిడి లేదు. గది అంటే నిజానికి గది కాదు, ఒక పక్క చూస్తే గుంటూరు పట్నంబజారులో ఆశీర్వాదం అన్న నడిపే రిపేరు కొట్టు, ఇంకో పక్క చూస్తే రైలు పెట్టె కిటికీ, అందులోంచి ఎర్రటి మిరప కల్లాలు ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి, రెండూ ఒకే నేల మీద ఎలా ఇమిడాయో ఫణికి అనుమానమైనా రాదు. అనుమానాలన్నీ మనిషి చెప్పులతో పాటు కల బయటే వదిలేసి వస్తాడు కదా.

"వస్తుందిలేరా, తొందరేంది," అంటాడు ఆశీర్వాదం అన్న.

బల్ల ముందు ఉత్త బనియన్‌తో కూర్చున్నాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు, పెదాల మధ్య స్క్రూలు పట్టుకున్నాడు కాబట్టి మాట నమిలినట్టు వస్తోంది. బతికున్నన్నాళ్ళూ అంతే, పని మొదలెడితే నోట్లో స్క్రూలే, ఆయన తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియాలంటే అవి బయటికి వచ్చేదాకా ఆగాలి. అన్న పోయి పద్నాలుగు నెలలైందని ఫణికి తెలుసు, శవపెట్టె ఒక కొస తానే మోశాడు, కానీ ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ ప్రస్తావన తేవడం మర్యాద కాదని ఊరుకుంటాడు.

అన్నకి ఇంకో అలవాటు కూడా ఉండేది. తాను విప్పిన ఏ పెట్టెకైనా వెనక పలక మూసేటప్పుడు మూడు మామూలు స్క్రూలు వేసి, నాలుగోది ఇత్తడిది వేస్తాడు. అది ఆయన సంతకం. చర్చిల్లో మైకు సెట్ల మీదా, పెళ్ళి బ్యాండు యాంప్లిఫయర్ల మీదా జిల్లా అంతటా ఆ పసుపు చుక్క కనిపిస్తుంది.

రైలు కుదుపుకి బల్ల మీద టీ గ్లాసులు గలగలమంటాయి. టీ ఎవరు తెచ్చారో తెలియదు, వేడిగా ఉంది, ఫణి ఒక గుక్క తాగుతాడు, మీటిన తీగ ఇంకా వణుకుతూనే ఉంది.

"ఇంత వదులైతే ఎట్టా అన్నా, మీటి టీ కూడా తాగేశాం," అంటాడు ఫణి.

"మొదలెట్టావూ," అంటాడు అన్న.

ఈ గొడవ ఇప్పటిది కాదు. ఈ నల్ల పెట్టెని నాలుగు నెలలు కూర్చుని, తీగ తీగా తన చేత్తో అతికి, ఫణి కోసమే చేశాడు అన్న. గెయిన్ పూర్తిగా తిప్పి శబ్దాన్ని గర్జనగా మార్చినప్పుడు అది ఎలా పలకాలన్న దగ్గరే ఇద్దరికీ పడేది కాదు. ఫణికి బిగువు కావాలి, వేలు పడ్డ మరుక్షణం దెబ్బ వినపడాలి, వేలు తీస్తే ఠక్కున ఆగాలి, వేగంగా వాయిస్తే ప్రతి దెబ్బా మెతుక్కి మెతుకు విడిపోయినట్టుండాలి. అన్నకి వదులు ఇష్టం, మీటాక ఒక్క ఊపిరి ఆగి, లోపలి నుంచి ఉబ్బి, మెల్లగా పైకి లేవాలి. "పొడి మెతుకులు గొంతుకి అడ్డం పడతయ్‌రా, కాస్త మెత్తగా ఉండాల," అనేవాడు. "మెత్తగా కాదన్నా, ముద్దయిపోతోంది," అనేవాడు ఫణి. చేసిచ్చిన పెట్టె మాత్రం అన్న ఇష్టప్రకారమే వదులుగా పలికింది.

ఫణి ఏం చేశాడంటే, కాలేజీ మైదానంలో తమ బ్యాండు పెద్ద ప్రోగ్రాం వారం రోజులుందనగా ఆ పెట్టెని చెప్పాపెట్టకుండా బెజవాడ తీసుకెళ్ళి, ఇంకో మెకానిక్ చేత లోపల చిటికెన వేలంత కండెన్సర్ ఒకటి పీకించి, దాని బదులు శనగగింజంతది వేయించాడు. బేస్ లోపలికి పోకముందే అది సగం కోసేస్తుంది, శబ్దం బిగుసుకుంటుంది. ఆ మెకానిక్ పాత స్క్రూలు నాలుగూ చెత్తలో పడేసి తెల్లటి స్టీలువి వేశాడు.

ప్రోగ్రాం అదిరిపోయింది. ముందు వరసలో కూర్చున్న అన్న మాత్రం తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద వెనక నుంచి ఒకే ఒక్క మాట అన్నాడు. "నా చెవులు పోయినయ్‌రా ఫణీ. నా పెట్టెని నేనే గుర్తు పట్టలా." ఆ రోజు తర్వాత ఆయన కొత్త పెట్టె ఒక్కటీ కట్టలేదు. అడిగినవాళ్ళందరికీ చెవులే చూపించాడు. అది అబద్ధమని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడు నోరు విప్పలేదు, ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూ ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు, చివరికి ఆయన శవపెట్టె కొస మోశాడు.

ఇప్పుడు రైలు ఎక్కడో ఆగింది, లేదా ఆగింది రైలు కాదు కొట్టే, కిటికీ అవతల కల్లాలు పోయి ఖాళీ కుర్చీల వరసలు వచ్చాయి, కాలేజీ మైదానంలోవే, అన్నీ ఇటే తిరిగి ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఇక్కడ కూడా చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాను అనుకుంటాడు ఫణి.

"అన్నా, నీ చెవులకేం కాలేదు. పెట్టె నేను మార్పించా. బెజవాడలో. నీకు చెప్పలా."

అన్న పెదాల మధ్య నుంచి స్క్రూలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడతాడు. ఒకటి, రెండు, మూడు. తీరిగ్గా మూతి తుడుచుకుంటాడు.

"వాయించేటప్పుడు బాగుండిందా నీకు?"

"బాగుండింది."

"మరింకేం."

"అట్టా అనబాక అన్నా. నువ్వు పని మానేశావు. నా వల్ల."

"ఎందుకు చెప్పలా?"

"కోప్పడతావని."

"కోప్పడేవాణ్ణే," అంటాడు అన్న. "ఒక పూట. మర్నాడు నేనే టీకి పిలిచేవాణ్ణి. ఆ మాత్రం తెలవదంట్రా నీకు."

ఫణి ఏడుస్తాడు. కలలో ఏడుపుకి సిగ్గుండదు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తాడు, అన్న లేచి వచ్చి భుజం తడతాడేమోనని చూస్తాడు, కానీ అన్నకీ తనకీ మధ్య బల్ల పొడవు పెరుగుతూ ఉంది, కుర్చీల వరసలన్నీ మధ్యలోకి వచ్చి చేరుతున్నాయి, అన్న అటు చివర స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ చిన్నగా కనిపిస్తున్నాడు.

"అన్నా, మూడే ఉన్నయ్. నాలుగోది ఏది?"

"నీ దగ్గరే ఉంది," అని అటు నుంచి మాట వస్తుంది, "ఎప్పుడూ చూసుకోలా నువ్వు."

అప్పుడు, ఎప్పుడో మీటిన ఆ ఆరో తీగ శబ్దం వస్తుంది. నేల అడుగు నుంచి, ఉబ్బుతూ, లేస్తూ, కుర్చీలన్నిటినీ వణికిస్తూ వచ్చి ఫణి గుండెల మీద కూర్చుంటుంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, ఒళ్ళో గిటారు అలాగే ఉంది, గోడకి ఆనించిన నల్ల యాంప్లిఫయర్ గుయ్యిమంటోంది. చాలా నెలల తర్వాత వాయిద్దామని స్విచ్చి వేసిన రెండు నిమిషాలకే కరెంటు పోయింది, వస్తుందిలే అని కుర్చీలో చేరగిలపడ్డవాడు అలాగే కునుకు తీశాడు. మధ్యాహ్నం నాలుగైంది. బ్యాండు ఎప్పుడో చెదిరిపోయింది, ఒకడు బెంగుళూరు, ఒకడు పూణే, ఫణి ఒక్కడే ఈ గదిలో ఈ పెట్టెతో మిగిలాడు.

స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకి, పెట్టెని గోడ దగ్గర నుంచి ఇవతలికి లాగాడు. లాగుతుంటే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఆ ప్రోగ్రాం అయిన నెలకి అన్న "ఓసారి పంపరా, చూసిస్తా" అని ఈ పెట్టెని కొట్టుకి తెప్పించుకున్నాడు. ఆ రెండు రోజులూ ఫణికి అన్నం సహించలేదు. మూడో రోజు వెళ్తే అన్న తల కూడా ఎత్తకుండా, "టైము చిక్కలేదురా, విప్పనేలా, తీసకపో," అన్నాడు. బతికిపోయాననుకున్నాడు ఫణి. తెచ్చి గోడకి చేర్చేశాడు, వెనక్కి తిప్పి చూసిందే లేదు.

ఇప్పుడు చూశాడు. వెనక పలకకి మూడు మూలల్లో తెల్లటి స్టీలు స్క్రూలు ఉన్నాయి. నాలుగో మూల ఇత్తడిది.

అంటే అన్న అప్పుడే దీన్ని విప్పాడు. లోపల శనగగింజంత కండెన్సర్‌ని చూశాడు. దాన్ని తీసేసి తన శబ్దాన్ని తనకిష్టమైనట్టు మళ్ళీ పెట్టుకోవడం అన్నకి ఎంతసేపు. అలాగే ఉంచి మూసేశాడు. మూసేసి, ఊరందరికీ తన చెవులే పోయాయని చెప్పుకుంటూ, వీడు ఒక్క మాట అంటాడేమోనని ఆరేళ్ళు చూశాడు.

ఫణి నేల మీద చతికిలబడి ఆ ఇత్తడి స్క్రూ మీద వేలు పెట్టాడు. మిగతా మూడూ గట్టిగా ఉన్నాయి. అదొక్కటే సగం చుట్టు వదులుగా ఉంది, వేలితోనే కదులుతోంది. స్క్రూడ్రైవరు చేతికందేంత దూరంలోనే ఉంది కానీ తీసుకోలేదు.

"నేనే మార్పించానన్నా," అన్నాడు పైకి. గదిలో ఇంకెవరూ లేరు.