మామయ్యగారి అయిదో డెస్క్‌టాప్

మా మామయ్యగారు నలభై ఏళ్లు వాచీలు బాగుచేశారు. ఒక వాచీ విప్పితే అది పూర్తయ్యేదాకా బల్లమీంచి కదలనిచ్చేవారు కాదు. రిటైరయ్యాక అదే పద్ధతి నా ల్యాప్‌టాప్‌ మీద పెట్టారు. తెరిచిన విండో దేన్నీ మూయరు. పుస్తకాల చివర వచ్చే పదసూచికలు తయారుచెయ్యడం నా పని. ఆయన విండోల గుంపులో నా ఫైలు వెతుక్కోవాల్సి వచ్చినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

చివరికి ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే కంప్యూటర్లో వేరువేరు డెస్క్‌టాప్‌లు పెట్టుకోవచ్చని, టచ్‌ప్యాడ్ మీద నాలుగు వేళ్లతో పక్కకు జరిపితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుందని నేర్పాను. మొదటిది నాది, దాని జోలికి రావద్దన్నాను. ఆయన బుద్ధిగా తలూపి, వారం తిరిగేసరికి తనకు నాలుగు పెట్టుకున్నారు. వార్తలకొకటి, చదరంగానికొకటి, పాత గడియారాల బొమ్మలకొకటి. అయిదోది ఎందుకో చెప్పలేదు. ల్యాప్‌టాప్‌ ఆపొద్దని, మూత వేసి ఊరుకోమని మాత్రం రోజూ బతిమాలేవారు. చాదస్తం అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం, సాయంత్రానికల్లా సూచిక పంపాల్సి ఉండగా, మెషీన్ నత్తనడక పట్టింది. ఆపి మళ్లీ పెట్టక తప్పదు. విసుక్కుంటూ ఆయన విండోలన్నీ వరసగా మూసి అయిదో డెస్క్‌టాప్‌కి చేరాను. అక్కడ ఒకే ఒక్క నోట్‌ప్యాడ్. మూయబోతే, సేవ్ చెయ్యాలా వద్దా అని అడిగింది. వద్దు అని నొక్కబోతుండగా వెనకనుంచి మామయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"అది మీ అత్తయ్య రాసిందమ్మా," అన్నారు.

చదివాను. 'ఉదయం తెల్ల మాత్ర. రాత్రి పచ్చది, సగమే. మరిచిపోతే కోడల్ని అడగండి. కసురుతుంది గానీ చెబుతుంది.'

మూడు నెలల కిందట ఆసుపత్రికి బయల్దేరుతూ రాసింది. అత్తయ్య తిరిగి రాలేదు. సేవ్ చెయ్యబోతే మెషీన్ ఏదో అడుగుతోందని, తప్పు జవాబిస్తే ఆ నాలుగు ముక్కలూ పోతాయని భయపడి, ఆయన దాన్ని అయిదో డెస్క్‌టాప్‌లోకి జరిపి, మళ్లీ ముట్టుకోకుండా కాపాడుకుంటున్నారు. నన్ను అడిగితే కసురుతానని అడగలేదు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

సేవ్ చేశాను, రెండు చోట్ల. మెషీన్ ఆపి మళ్లీ పెట్టి, ఆ ఫైలు తెరిచి చూపించేదాకా ఆయన నా కుర్చీ వదల్లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది.

కాసేపయ్యాక మెల్లగా అడిగారు: "రాత్రి మాత్ర సగమా, మొత్తమా అమ్మా?"

జవాబు ఎదురుగా తెరమీదే ఉంది. తెలిసే అడుగుతున్నారు. అయినా ఓపిక తెచ్చుకుని కసిరాను. "ఎన్నిసార్లు చెప్పాలి మామయ్యా? సగం."

ఆయన కళ్లు తుడుచుకుని తెరవైపు తిరిగారు.

"అడిగాను. చెప్పింది," అన్నారు.