గింజలకు గుడ్డ మూట

మా సందులో ఎవరు కషాయం కాచినా, మిగిలిన పిప్పి తెచ్చి నడివీధిలో పోస్తారు. పదిమంది తొక్కితే రోగం వాళ్ల జోళ్లకంటుకుని పోతుందని నమ్మకం. ఒకరి గడప ముందు పోయడం మాత్రం శాపం పెట్టినంత తప్పు. నేను మూలికల దుకాణందాన్ని కనక, ఆ పిప్పి చూసి ఎవరికి ఏ జబ్బో ఇట్టే చెప్పేస్తాను.

నాలుగు రోజులుగా పడుతున్న పిప్పి ఎదురింట్లో ఉండే మా అక్క పెయ్‌యున్‌ది. మూత్రంలో మంట, విరేచనాలు. అక్కకీ నాకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. నాన్న పక్కన కూర్చుని మందు సంచులు కుట్టింది అక్క. ఆయన పోతూ దుకాణం పెట్టింది నా చేతిలో. ఆ కోపంతో ఇప్పుడు కూడా మందు పట్నం నుంచి తెప్పించుకుంటోంది గానీ, పదడుగుల్లో ఉన్న నా గడప తొక్కదు. పౌరుషం నాకూ తక్కువేం కాదు, నేనూ పలకరించలేదు.

ఐదో రోజు పొద్దున పిప్పి చూసి ఆగిపోయాను. బండ్ల దారుల్లో మొలిచే బండిముందరాకు గింజలు, ఆవగింజంత కూడా ఉండవు, వేరు ముక్కలకు జిగురుగా అంటుకుని మాడిపోయి ఉన్నాయి. వాటిని గుడ్డలో కట్టే కాచాలి. విడిగా వేస్తే అడుగంటుతాయి, కషాయం గొంతు దిగదు.

"బావా, గింజలు గుడ్డలో కట్టలేదా?" కుండ విదిలిస్తున్న బావనడిగాను.

"గింజలకు గుడ్డెందుకు? చలేస్తుందా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అక్క చూళ్లేదా?"

"మంచం దిగితేగా చూడ్డానికి! తాగింది తాగినట్టే కక్కేస్తోంది. ఎల్లుండికి తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సిందే."

లోపలికెళ్లి పల్చటి నూలుగుడ్డ కత్తిరించి, రెండుసార్లు వేలు పొడుచుకుని ఒక సంచి కుట్టి బావ చేతిలో పెట్టాను.

"నేనిచ్చానని చెప్పకు," అన్నాను.

"ఈ వంకర కుట్లు చూశాక వేరే చెప్పాలా?" అన్నాడు బావ.

సంచి ఇచ్చిన మూడో రోజు దుకాణం తలుపు తీసేసరికి పిప్పి సరిగ్గా నా గడప ముందు పోసి ఉంది. ఒళ్లు మండిపోయింది. మంచికి పోతే ఇదా మర్యాద! చీపురు తెచ్చి ఊడ్చేయబోయి, మధ్యలో పడున్న సంచి చూశాను. నా కుట్లు విప్పేసి మళ్లీ కుట్టారెవరో. సన్నటి వరస కుట్టు, చివర రెండు ముళ్లు. నాన్న నేర్పిన ముడి. అంటే అక్క లేచి కూర్చుంది, సూది పట్టుకుంది.

"ఒసే యింగ్! ముసలిదానివవుతున్నా కుట్టు రాలేదుటే నీకు?" ఎదురు కిటికీలోంచి అక్క గొంతు. నీరసంగానే ఉంది గానీ, అదే వెటకారం. "గుడ్లప్పగించి చూస్తావేం? తొక్కు!"

కళ్లనీళ్లు ఆగలేదు. రెండు కాళ్లతోనూ తొక్కాను, కసితీరా. తర్వాత ఆ జోళ్లు అక్కడే విడిచేసి, ఉత్తి కాళ్లతో వీధి దాటి అక్క గడప తొక్కాను.