రెండో పెట్టె

ఆమెను అందరూ మాటల టీచరంటారు. గొంతు ఆపరేషనుతో మాట పోయేవాళ్లకు తన ఇంటి ముందు గదిలోనే శిక్షణ ఇస్తుంది. ఆపరేషనుకు ముందే ఒక్కొక్కరిచేత మూడు వందల వాక్యాలు చదివించి రికార్డు చేస్తుంది. తర్వాత వాటితో ఫోనులో ఒక గొంతు తయారవుతుంది. మనిషి టైపు చేస్తే చాలు, ఫోను అతని గొంతుతోనే పలుకుతుంది.

ఆ గొంతులన్నీ అరచేతిలో పట్టే ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉండేవి. ఇంటర్నెట్టులో ఊరూ పేరూ తెలియని కంప్యూటర్లలో పెట్టనని తన దగ్గరికి వచ్చేవాళ్లకు ఆమె మాటిచ్చింది మరి. ఒకరోజు పొద్దున దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు చేసింది తప్ప తెరుచుకోలేదు. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని పరుగున బయల్దేరింది.

రెండు వీధుల అవతల ఒక పెద్దాయన కంప్యూటర్లు బాగుచేస్తాడు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. వారం రోజులు దానితో కుస్తీపట్టి, ఎనభై మంది గొంతుల్లో రెండు తప్ప అన్నీ బయటికి తీశాడు. ఆ ఇద్దరి ఫోన్లలో గొంతులు అప్పటికే తయారై ఉన్నాయి కాబట్టి గండం గడిచింది.

“ఇక ఇంట్లోనే ఒక స్టోరేజీ పెట్టె పెట్టుకుంటానండీ. మా ఆయన నాలుగు డిస్కులది కొనేయమన్నారు,” అంది ఆమె, ఆయన దుకాణం అద్దాల అరలో నీలి లైట్లు మిణుకుమంటున్న నల్ల పెట్టెను చూపిస్తూ.

పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. “నాలుగు దేనికమ్మా? మీ రికార్డులన్నీ కలిపినా ఒక డిస్కులో మూలకు కూడా రావు.”

“ఒకటి పోతే ఇంకోటి కాపాడుతుందని.”

“డిస్కు పోతే కాపాడుతుంది, నిజమే. పెట్టే పోతే? దొంగ వచ్చాడనుకోండి, ఒక డిస్కు మీకు వదిలేసి వెళ్తాడా?”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమూ వేసింది.

“నా మాట విని రెండు డిస్కుల చిన్న పెట్టె తీసుకోండి. ఇంకో చిన్నది వేరే ఇంట్లో పెట్టండి. దగ్గరివాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“మా ఆడపడుచు ఉంది. బస్సెక్కితే అరగంట.”

“ఇంకేం! ఇక్కడ పెట్టింది రోజూ ఇంటర్నెట్టు మీదుగా దానంతటదే అక్కడికి వెళ్లేలా చేసిస్తాను. దారిలో ఎవరి చేతికి చిక్కినా అర్థంకాకుండా తాళం వేస్తాను. కానీ ఒక షరతు. నెలకోసారి అక్కడికెళ్లి ఏదో ఒక గొంతు తెరిచి వినాలి. తెరిచి చూడని కాపీ ఉందో లేదో దేవుడికే తెలియాలి.”

ఆడపడుచు మొదట మూతి ముడిచింది. “నా పుస్తకాల బీరువా మీద ఈ డబ్బా ఏంటి వదినా? గుర్రు పెడుతోంది!” అంది. అయినా నెలనెలా వదిన రావడం ఆమెకు నచ్చింది. టీచరు చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని వింటుంటే, ఆమె పక్కనే కూర్చుని వదిన ముఖం చూసేది. “ఉందా?” అని అడిగేది. “ఉంది,” అనగానే ఇద్దరూ టీ తాగేవాళ్లు.

ఏడో నెలలో పై వాటాలో నీళ్ల పైపు పగిలింది. టీచరు బజారు నుంచి వచ్చేసరికి ముందు గది సీలింగు నుంచి ధారగా కారుతోంది. పెట్టె నిలువునా తడిసింది. లైట్లు లేవు, చప్పుడు లేదు. కంప్యూటరు కూడా అంతే.

ఆ మధ్యాహ్నమే, ఆమె దగ్గర వాక్యాలు చదివి వెళ్లిన ఒక బస్సు డ్రైవరూ అతని భార్యా వస్తామన్నారు. ఆపరేషను అయి నెల దాటింది. గొంతు తయారుచేసి ఇచ్చే రోజు అదే.

ఆమె తడి బట్టలతోనే బస్సెక్కింది. దారంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆడపడుచు తలుపు తీసి, “ఇదేం అవతారం వదినా!” అంటూ తువ్వాలు అందించింది. అక్కడి కంప్యూటరు తెరిచి చూస్తే డ్రైవరు చదివిన మూడు వందల వాక్యాలూ ఉన్నాయి. టీచరు తువ్వాల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. ఆడపడుచు వీపు నిమిరింది. తర్వాత డ్రైవరు దంపతులకు ఫోను చేసి, అక్కడికే రమ్మని దారి చెప్పింది.

సాయంత్రానికి అతని ఫోనులో గొంతు సిద్ధమైంది. డ్రైవరు చాలాసేపు టైపు చేశాడు. కాస్త జలుబు చేసినట్టున్నా ఫోనులోంచి వచ్చింది అతని గొంతే: “ఏమే, మందులు నేనే వేసుకుంటున్నాను. ఇక నా మీద అరవకు.”

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నెల రోజులు ఆగి, అనేది ఇదా?” అని నవ్వుతూనే ఏడ్చింది. “ఇంకేదైనా అను. ఏదైనా సరే.”

మర్నాడు టీచరు తడిసిన పెట్టెను చంకన పెట్టుకుని పెద్దాయన దుకాణానికి వెళ్లింది. జరిగిందంతా చెప్పి చేతులు జోడించింది.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. “నేనేం చేశానమ్మా? ఒక పెట్టె కొనేవాళ్లకు రెండు అంటగట్టాను.”

“నెలనెలా వినమన్నారు కదండీ. అలా వెళ్లబట్టే పోయిన నెల అక్కడి పెట్టె కేబులు ఊడిపోయి ఉండటం చూసి తగిలించాను. చూడకపోతే ఆ డ్రైవరు గొంతు అక్కడికి చేరేదే కాదు.”

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“టెలిఫోనుల్లో ముప్పై ఏళ్లు చేశానమ్మా,” అన్నాడు. “ఎవరి మాట ఎవరికి చేరిందో ఒక్కసారీ తెలిసేది కాదు. మీరొచ్చి చెప్పారు. చాలా సంతోషం.”

బల్ల మీది సామానంతా పక్కకు జరిపి, ఆమె చేతిలోంచి పెట్టెను అందుకున్నాడు.