పక్కన కూర్చున్న పిల్ల

"బీన్స్ ఇంత పొడుగ్గా తరుగుతారా ఎవరైనా?" అన్నారు మా ఆయన మోహనకృష్ణ, ఆ ఉదయం. టైము లేదండీ, కాలేజీలో ఆడపిల్లలకి ట్రైనింగ్ ఇవ్వాలి అన్నాను. "ఏం ట్రైనింగ్? మొగుడు కసిరితే పోలీసుల్ని పిలవమనా?" అంటూ నా కుడి మణికట్టు పట్టి మెలితిప్పారు. పక్కగదిలోంచి మా అత్తగారు "కిటికీ వెయ్యమ్మా, వీధిలోకి వినపడుతోంది" అన్నారు. వెళ్ళి వేశాను, ఎడమచేత్తో.

2004లో మాట. ఆ శిక్షణ ఇంకే లెక్చరరూ ఒప్పుకోకపోతే నాకు అంటగట్టారు. ఎవరైనా ఒక పిల్లని బెదిరిస్తున్నా, కొడుతున్నా చూసీ చూడనట్టు పోకూడదని, వాడితో తలపడక్కర్లేదని, ఆ పిల్ల పక్కకెళ్ళి నిలబడి పలకరిస్తే చాలని, తనకేం కావాలో తననే అడగాలని చెప్పాను. బోర్డు మీద రాయబోతే చాక్‌పీసు జారింది. తీస్తే మళ్ళీ జారింది. పిల్లలు తలొంచుకుని రాసుకుంటున్నారు. నాకు మాత్రం స్టీల్‌ప్లాంట్ క్వార్టర్సులో పధ్నాలుగేళ్ళు గుర్తొచ్చాయి. మా ఇంట్లో కేక వినపడగానే పక్కింట్లో టీవీ సౌండు పెరిగేది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, కూర గిన్నెలు పంపేవాళ్ళు. ఒక్కరు తలుపు కొట్టి పంచదార అడిగినా ఆయన చెయ్యి ఆగేదేమో.

క్లాసయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఎలమంచిలి నుంచి వచ్చే దేవిశ్రీ, ఏడాదిగా క్లాసులో నోరు విప్పని పిల్ల, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మేడమ్, సెయ్యి వాసిందండి."

చెయ్యి కొంగు కిందకి లాక్కున్నాను.

"ఏటయిందని అడగనండి. సెప్పాలనిపిస్తే సెప్పండి. నానిక్కడే కూకుంటాను."

"నీ బస్సు పోతుందమ్మా."

"ఇంకోటి వస్తాదండి." మెల్లగా అడిగింది. "ఇంటికెల్లడానికి బయంగా ఉందా మేడమ్?"

ఆ ప్రశ్న గంట క్రితం నేనే రాయించాను. నన్నొకరు అడుగుతారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. అవునన్నట్టు తల ఊపాను.

"మరేటి సేద్దారండి?" అంది, నా బ్యాగు అందుకుంటూ.

"మద్దిలపాలెంలో మా చెల్లెలుంది. తోడొస్తావా?"

బస్సులో దారంతా నన్ను ఎవరూ తొయ్యకుండా అడ్డుగా నిలబడింది. చెల్లెలింటి మేడ మెట్లు కూడా నాతోపాటే ఎక్కింది.

మా చెల్లెలు ఆశాజ్యోతి తలుపు తీసి, నా చెయ్యి చూసి, "ఏమైందే అక్కా?" అంది. ఇన్నేళ్ళూ అలా అడిగినప్పుడల్లా మెట్ల మీద జారాననో, తలుపు సందులో పడిందనో అనేదాన్ని.

"మీ బావ" అన్నాను.