చెంబు బియ్యం

మూడో తరగతి పిల్లకు రోజూ ఐదు పేజీల హోంవర్కు ఇచ్చే బడి నాకొద్దని హంసినిని మాన్పించి రెండేళ్ళయింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఇంట్లోనే చదువు చెబుతున్నాను. మా ఆయన తెల్లవారకముందే శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి బస్సెక్కుతాడు. ఆ తర్వాత తిరుపతిలో నాలుగేళ్ళుగా ఉంటున్న ఈ అద్దె ఇంట్లో నేను, పిల్ల, పుస్తకాలు, పొయ్యి.

వెంకన్నకు ఇష్టమైన పెరటాసి నెల శనివారాల్లో ఇక్కడి పిల్లలు నామం పెట్టుకుని, "గోవిందా" అంటూ ఇంటింటా బియ్యం అడుగుతారు. ఆ బియ్యంతోనే స్వామికి నైవేద్యం వండాలి. ఈ శనివారం హంసిని నిండు చెంబుతో తిరిగొచ్చింది. నేను పొంగలి కలుపుతూ, నిన్న నేర్పిన గ్రాఫు మళ్ళీ చేయించాను. ఇవాళ మనిద్దరం ఎంతమందితో మాట్లాడామో గీయమన్నాను.

గళ్ళ కాగితం మీద తనకు పద్నాలుగు గళ్ళు రంగేసుకుంది. పక్కన విడిగా ఒక్క గడి.

"ఇదెవరిది?"

"నీదే మా. నాతో మాట్లాడినావు కదా."

తప్పు గీశావని కసిరాను. తప్పెక్కడో మాత్రం చూపలేకపోయాను.

బియ్యం వేసిన ఇళ్ళకు ప్రసాదం పంపడం మా అలవాటు. ఎప్పుడూ పిల్ల చేతికే ఇచ్చేదాన్ని. ఈసారి గిన్నె నేనే పట్టుకుపోయి, మూడిళ్ళ అవతలి తలుపు తట్టాను. తలుపు తీసినావిడ నవ్వుతూ గిన్నె అందుకుంది.

"ఎవురు మా మీరు? ఈ వీధికి కొత్తగా వచ్చినారా?"

అవునన్నాను.