ఊగే తలుపు అవతల

చికాగోలో, గ్రీకు స్పైరో హోటల్లో, పెనం ముందు నిలబడే నేను ముసలివాణ్ణయ్యాను. చిన్నప్పుడు మా ఊరి కొండలో చిరుతపులిని తోక పట్టుకుని గిరగిరా తిప్పినవాణ్ణి; నమ్మకం లేకపోతే ఆ పులినే అడగండి. అలాంటి నాకు భయమేసేది ఒక్కటే, వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న ఊగే తలుపు. అన్నేళ్లలో దాన్ని ఒక్కసారీ దాటలేదు. సందు వైపు నుంచి రావడం, సందు వైపు నుంచే పోవడం. కాగితాల్లేకుండా సరిహద్దు దాటొచ్చినవాడికి ఎవరి కంటా పడకపోవడమే ప్రాణరక్ష.

ఆ తలుపే దాటాలని స్పైరో తీర్పు చెప్పాడు.

గొడవ టిప్పుల మీద వచ్చింది. వడ్డించే మోరీన్‌కి ఒక్క ఆదివారం వచ్చే టిప్పు, గిన్నెలు తోమే ఉబాల్దా వారం జీతం కన్నా ఎక్కువ. కొంచెమైనా వంటగదికి రావాలని మేమడిగాం.

“నవ్వు ముఖం పెట్టుకునేది నేను, తిట్లు తినేది నేను,” అంది మోరీన్. “స్పైరో ఇచ్చే జీతం నా బస్సుకే చాలదు. టిప్పే నా తిండి. అసలు వీళ్ల ముఖం ఎవరైనా చూశారా?”

“చూస్తార్లే,” అన్నాడు స్పైరో, నా వైపు వేలు చూపించి. “ఆదివారం మధ్యాహ్నం నసారియో తన వంట తానే తెచ్చి బల్ల మీద పెడతాడు. పెడితే వంటగదికీ వాటా. లేదా, ఈ మాట మళ్లీ ఎత్తొద్దు.”

ఆదివారం పళ్లెంలో మటన్ చాప్స్ పేర్చి, తలుపుకున్న గుండ్రటద్దంలోంచి తొంగి చూశాను. నేను వెళ్లాల్సిన కిటికీ పక్క బల్ల దగ్గర నలుగురు పోలీసులు! పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఉబాల్దా, వాటా వద్దు, గీటా వద్దు. పళ్లెం మోరీన్‌కిచ్చేద్దాం.”

ఉబాల్దా కొడుక్కి బాప్తిస్మంలో నేను జ్ఞానతండ్రిని. అందుకే నన్ను కొంపాద్రే అంటుంది. “ఏం కొంపాద్రే, పులి తోక ఏమైంది? నీకే మొలిచి ముడుచుకుందా?”

“వాళ్లు పోలీసులే!”

“పోలీసులకి ఆకలెయ్యదా?” అని నవ్వబోయి ఆగింది. “నా చేతులు చూడు. సబ్బు మందుకి తోలు ఊడిపోతోంది. ఇది చాలక రాత్రిళ్లు ఇంకో చోట కూడా తోముతున్నా. నువ్వెళ్లకపోతే నా బతుకింతే.”

తలుపు తోశాను.

అవతల తివాచీ. నా అడుగుల చప్పుడు నాకే వినబడలేదు. అప్పుడే చచ్చి దయ్యాన్నయ్యానేమో అనుకున్నాను. పళ్లెంలో ఎముకలు మాత్రం టకటకలాడుతున్నాయి. ఒక పోలీసు వీపు వెనక నుంచి పోవాలి. వంటగదిలో ఎవరి వెనక నుంచైనా వేడిది మోసుకెళ్తే అరవాలి, లేకపోతే ఒళ్లు కాలుతుంది. అది మాకు ఊపిరితో సమానం. నోరు దానంతటదే తెరుచుకుంది.

“వెనకాల! కాలుద్ది!”

పొయ్యిల హోరు మీద వినబడాల్సిన గొంతు అది. పోలీసు ఎగిరి లేచాడు. చెయ్యి తుపాకీ మీదికెళ్లింది. హాలంతా తినడం ఆపేసింది. చేతులెత్తాలంటే పళ్లెం వదలాలి. వదిలితే వాటా పోతుంది. ఉబాల్దా చేతులే కళ్లముందు కదిలాయి; పళ్లెం గట్టిగా పట్టుకున్నాను.

“కూర్చో బాబూ, కూర్చో!” మోరీన్ మా మధ్యకి దూరింది. “వంటాయన. నీ వీపు కాలకుండా అరిచాడంతే.”

పోలీసు చెయ్యి తీశాడు. సిగ్గుపడ్డట్టున్నాడు. “ఎన్నాళ్లుగానో తింటున్నా ఈ చాప్స్. నువ్వేనా చేసేది? నీ పేరేంటి పెద్దాయనా?”

పేరు! చెబితే తర్వాతడిగేది కాగితాలే. మోరీన్ నా వైపు తిరిగింది. నా ముఖంలో ఏం కనబడిందో, ఆమె ముఖం కూడా పాలిపోయింది.

“మేమంతా వంటాయనే అంటాం,” అంది. “చల్లారిపోతున్నాయి, తిను.”

నేను లోపలికొచ్చి గోడకి చేరగిలబడ్డాను. మోరీన్ నా వెనకే వచ్చి, “వీళ్ల వాటా వీళ్లకిచ్చెయ్ స్పైరో. నేనింక అడ్డు చెప్పను,” అంది. “ఈయన్ని మాత్రం మళ్లీ బయటికి పంపకు.”

స్పైరో వింటేగా. అద్దంలోంచి హాలు చూసి మురిసిపోతున్నాడు. “భలే నచ్చావయ్యా జనానికి! ఇక ప్రతి ఆదివారం నువ్వే పెట్టాలి. ఆ కిటికీ బల్లవాళ్లు వచ్చే వారం నీతో ఫోటో తీసుకుంటారట.”

వాటా వచ్చింది. ఉబాల్దా రాత్రి పని మానేసింది. నాకు మాత్రం ఆదివారం తలుచుకుంటే శుక్రవారం నుంచే ముద్ద దిగడం లేదు.